గురమ్మ షీటుకు వేసిన ముడి

జనవరి 20, సోమవారం

మందుల కంపెనీ వాళ్లు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఇన్నేళ్లూ ఇంటికి తెస్తే జగ్గమ్మ పొయ్యి రాజెయ్యడానికి చింపుకునేది. ఈ ఏడు నేనే ఉంచుకున్నాను.

"ఏటి రాత్తన్నావు?" అంది.

"ఏటీ నేదు."

"నలపై ఏళ్ల కాపరంలో నాతో ఆడని మాటలు కాయితంతో ఆడతన్నావా?" అంది. రాట్నం దగ్గరికి పోయింది.

ఈ నెల మొదట్లో మా ధర్మాసుపత్రికి ఇద్దరు పిల్లలు వచ్చారు. దేవి, పృథ్వీరాజ్. ఆరేళ్లు మందుల చదువు చదివి ఏడాది రెసిడెన్సీకి వచ్చారట. రెసిడెన్సీ డాక్టర్లకుంటుందని విన్నాను. మందులిచ్చేవాళ్లకు కూడానా. పొద్దున డాక్టర్ల వెనక వార్డు తిరుగుతారు. రాసిన మందుకు ఇది ఎందుకు, అది ఎందుకు అని అడుగుతారు. మధ్యాహ్నం మా కౌంటరు దగ్గర నిలబడతారు.

ఈ కౌంటరులో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉన్నాను. ఏడో తరగతి చదివాను. మందు పేరు ఇంగ్లీషులో చదవగలను. అంతకన్నా ఏం కావాలి.

చదువు రానివాళ్లకు మందు షీటుకు నేను దారం కడతాను. జగ్గమ్మ వడికిన నూలు కొసలు. పొందూరులో నూలుకు కరువా. పొద్దున ఒకటైతే ఒక ముడి. రెండుపూటలైతే రెండు. మూడుపూటలకు మూడు. చూపు ఆనని వాళ్లు కూడా వేళ్లతో తడిమి తెలుసుకుంటారు. ఊళ్ల వాళ్లు "సూరయ్య దారం" అంటారు.

ఈరోజు దేవి అంది, "తాతా, ఇంక దారాలొద్దు. ఆల్లకి ఏటి అర్థమైందో మనకి తెల్దు. మనం సెప్పింది ఆల్లసేత తిరిగి సెప్పించాల."

తల ఊపాను. ఊపితే ఒప్పుకున్నట్టు కాదు.

జనవరి 22, బుధవారం

పృథ్వీరాజ్‌ది గరివిడి. తండ్రికి ఫ్యాక్టరీలో పని. వీడికి నోరెక్కువ.

"తాతా, నీ దారం నడుం నొప్పిక్కూడా పన్సేస్తాదేటి? వార్డు తిరిగి తిరిగి సచ్చిపోతన్నాను. నాకొకటి కట్టు."

"నోటికి కడతాను" అన్నాను.

దేవి పడీపడీ నవ్వింది. ఆ పిల్లది సముద్రం ఒడ్డు. తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి చదివించిందట. గొంతు కూడా తల్లిదే అయ్యుంటుంది. మందు చెబితే గేటు దాకా వినిపిస్తుంది.

జనవరి 24, శుక్రవారం

పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతును దేవి పట్టుకుంది. చక్కెర జబ్బు మాత్ర. అన్నానికి ముందు అని చెప్పింది. "ఇప్పుడు నువ్వు సెప్పు మావా, ఎప్పుడేసుకుంతావు?"

ఆయన "మీరు సెప్పినట్టే" అన్నాడు.

"నానేటి సెప్పాను?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చివరకు "కూడు తిన్నాక" అన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ అడిగింది. బడిలో ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు. పంచె కట్టిన మనిషిని పదిమంది ముందు.

ఆయన సిగ్గు నాకు తెలుసు. నేనూ బడిలో బల్ల మీద నిలబడి ఏడో ఎక్కం మరిచిపోయినవాణ్ణే.

క్యూ గేటు దాటింది. ఆసుపత్రి సెక్రటరీ నరసింగరావు గారు వచ్చి గడియారం చూసుకుని పోయారు. పెద్ద ఫార్మసిస్టు సుహాసిని మేడమ్ మాత్రం దేవి వైపే. నా దారాల డబ్బా తీయించి బీరువాలో పెట్టారు.

చొక్కా జేబులో కొన్ని ఉన్నాయి.

జనవరి 30, లక్ష్మివారం

గురమ్మ వచ్చింది. పదేళ్లుగా నా దగ్గరే మందు తీసుకునే మనిషి. కీళ్లవాతం. వేళ్లు వంకర్లు పోయాయి. కొత్త డాక్టరు గారు మాత్ర మార్చారు. దూరం నుంచి వస్తుందని పది మాత్రల షీటు మొత్తం రాశారు.

దేవి చెప్పి, సంతకం పెట్టి ఇచ్చింది. తిరిగి చెప్పమంది. గురమ్మ బిక్కమొహం వేసి నా వైపు చూసింది. ఈలోగా వార్డు నుంచి దేవికి పిలుపు వచ్చింది. "ఒక్క నిమిసం ఉండమ్మా, వస్తన్నాను" అని వెళ్లింది.

నేను పంపించేశాను. నా పని నేను చేశాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

రద్దీ. రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

గురమ్మ వచ్చింది. కౌంటరు మీద ఖాళీ షీటు పెట్టింది. "బిళ్లలైపోయాయి, ఇంకో షీటు ఇయ్యండి" అంది. మాట ముద్దగా ఉంది.

దేవి షీటు చూసింది. గురమ్మ మొహం చూసింది. "నోరు తెరువమ్మా" అంది. లోపల అంతా పుండు. పెదాల లోపల తెల్లగా లేచిపోయి ఉంది.

"ఈ బిళ్లలు ఎప్పుడెప్పుడు ఏసుకున్నావు?"

"దినాం. పొద్దున్నే ఒకటి. ఒక్క దినం కూడా మానలేదమ్మా."

అది వారానికి ఒక్కటి వేసుకునే మాత్ర. పది వారాల మందు పది రోజుల్లో మింగేసింది. అది రక్తాన్ని పుట్టనివ్వదట. జబ్బు వస్తే తట్టుకునే బలం ఒంట్లో ఉండదట. దేవి చక్రాల కుర్చీ కోసం పరిగెత్తింది. దానికి విరుగుడు ఇంజక్షను మా దగ్గర లేదు. పృథ్వీరాజ్ విశాఖపట్నం బస్సెక్కాడు.

షీటు దేవి తన తెల్లకోటు జేబులో వేసుకుంది. నా వైపు చూడలేదు.

షీటుకు దారం ఉంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

వారానికో మాత్ర మా కౌంటరులో ఎప్పుడూ లేదు. కొత్త డాక్టరు గారు తెచ్చారు. వారానికి నాకు ముడి లేదు. "ఒకటే వెయ్యాల" అని దేవి చెప్పడం నేను విన్నాను. ఒకటి అంది. ఒకటి వేశాను.

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క తప్పు లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క తప్పు లేదు.

గురమ్మకు జ్వరం. గాజు తలుపు గదిలో పెట్టారు. లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు.

ఫిబ్రవరి 13, లక్ష్మివారం

పృథ్వీరాజ్ నా పక్కన కూర్చుని టీ తాగాడు. వేళాకోళం లేదు.

"సోమవారం మీటింగంట తాతా. సంతకం దేవిది. తనని పంపించేసి, మా రెసిడెన్సీని కూడా ఎత్తేద్దామంటన్నారంట సెక్రటరీ గారు. ఈ మచ్చతో పంపేస్తే ఇంకే ఆస్పత్రి తీసుకుంతాది దాన్ని? ఆల్లమ్మకి ఏటి సెప్తాది?"

"దేవి ఏమంది?"

"ఏటీ అన్లేదు. నాదే తప్పని కాయితం రాసిచ్చేసింది."

దారం సంగతి ఎవరికీ చెప్పలేదన్నమాట.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మందుల గదిలో దేవి ఒక్కతే ఉంటే వెళ్లాను. అక్కడిదాకా వెళ్లి అల్మరాలో సెలైన్ బాటిళ్లు సర్దుతూ నిలబడ్డాను. సర్దినవే సర్దాను.

"ఏటి తాతా?"

"దారమేది?"

"ఏ దారం?"

ఇంకో బాటిల్ పక్కకు జరిపాను. ఆ పిల్ల అంది, "సంతకం నాది. నాను మళ్లీ వచ్చి అడగాల. అడగలేదు. నీ జేబులో దారాలున్నాయని కూడా నాకు తెలుసు. సూసీ ఊరుకున్నాను."

"ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నిన్ను ఆ రోజే పంపేత్తారు. ఈ వయసులో ఎక్కడికెల్తావు? నాను కుర్రదాన్ని, ఎక్కడో బతుకుతాను."

నాకు ఒళ్లు మండింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఈ ఆసుపత్రిలో గొంతు పెంచలేదు. ఈరోజు పెంచాను.

"నాకిల్లుంది. పెళ్లాముంది. రెండు కాళ్లున్నాయి. నీ జాలి పట్టుకెళ్లి జాలి కావలసినవాళ్లకు పెట్టు."

ఆ పిల్ల బిత్తరపోయింది. నేను వచ్చేశాను.

ఫిబ్రవరి 15, శనివారం

జగ్గమ్మకు చెప్పాను. రాట్నం ఆపింది.

"నాను వడికిన నూలేనా?"

"ఊఁ."

"నా నూలు ఆడమనిసి నోట పుళ్లు పోయించిందా?"

వడికిన కండెను ఎత్తి దూరంగా పెట్టింది.

తర్వాత అంది, "ఎల్లి సెప్పు. నీ నోరు పెగలకపోతే నానొచ్చి సెప్తాను. నాకేటి సిగ్గు. నాను సంతలో పెరిగినదాన్ని."

"నువ్వు రావొద్దు."

"అయితే నువ్వెల్లు మరి."

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆదివారం నాకు సెలవు. అయినా వెళ్లాను. గురమ్మను మామూలు వార్డుకు మార్చారు. ఇంజక్షన్లు పని చేశాయి. జ్వరం తగ్గింది. గంజి చెంచాతో తాగుతోంది. చెంచా ఆమె వేళ్లలో నిలవక కూతురు పడుతోంది.

మంచం పక్కన నిలబడ్డాను. ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్లాను. అన్నీ పోయాయి.

"ముడి నేనే వేశాను" అన్నాను.

గురమ్మ నవ్వబోయింది. పెదాలు మండి ఆగింది. "తెలుసు గదా బాబూ. ఒక ముడి ఉన్నాదని రోజూ ఒకటి ఏసుకున్నాను. సూరయ్య దారం ఎప్పుడేనా తప్పినాదా?"

స్టూలు మీద కూర్చున్నాను.

"రేపు అడుగుతారు నిన్ను. ఉన్నది చెప్పు."

"నానే కట్టుకున్నానంతాను" అంది మెల్లగా. "నీ కూడు పోగొట్టుకోకు. నానెలగూ బతికీసేను."

ఎవరికి వాళ్లు నన్ను కాపాడేవాళ్లే. నేనేమైనా చంటిపిల్లాడినా.

ముందు రాసింది తప్పు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క తప్పు లేదని రాశాను. అది నాకెలా తెలుసు? నేనెవరినీ ఎప్పుడూ తిరిగి అడగలేదు. ముడి వేసి పంపించాను. వాళ్లు ఇంటికి పోయి ఎలా వేసుకున్నారో, ఎవరు బాగుపడ్డారో, ఎవరు మళ్లీ రాలేదో. రానివాళ్లు తగ్గిపోయి రాలేదనుకున్నాను.

నాకు తెలిసిన తప్పు ఒకటి. అంతే రాయాలి.

ఫిబ్రవరి 17, సోమవారం

పొద్దున జగ్గమ్మ ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టింది. దాని జేబులో నూలు కొస ఒకటి పెట్టింది.

మీటింగు సెక్రటరీ గారి గదిలో. ఆయన, సుహాసిని మేడమ్, కొత్త డాక్టరు గారు. ఎదురుగా దేవి. నన్నెవరూ పిలవలేదు. తలుపు తోసుకుని వెళ్లాను.

"ఏం సూరయ్యా, టీ ఇంకా చెప్పలేదే" అన్నారు నరసింగరావు గారు.

"టీ కాదండి. ముడి నాది."

"ఏ ముడి?"

చెప్పాను. అది చెప్పడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. మధ్యలో నీళ్లెవరో ఇచ్చారు. ఆ పిల్ల గురమ్మను తిరిగి చెప్పమని అడిగింది, జవాబు రాకముందే వార్డుకు పోవలసి వచ్చింది, ఉండమని చెప్పి పోయింది. నేను గురమ్మను కిటికీ దగ్గరకు పిలిచి, షీటు తీసుకుని, ముడి వేసి, పొమ్మన్నాను. ఇదే చెప్పాను.

నరసింగరావు గారు నవ్వారు. మంచి నవ్వే. "వార్డులో గురమ్మను పొద్దున్నే అడిగాం సూరయ్యా, రోజూ ఎందుకు వేసుకున్నావని. దారం తనే కట్టుకున్నానంది. ఈ పిల్లేమో తప్పు తనదే అని రాసిచ్చింది. నువ్వు ఈ పిల్ల మీద అభిమానంతో వచ్చావు. నోట్లో నాలుక లేనివాడివి, నువ్వు అంత పని చేస్తావా? వెళ్లు. ఇది చదువుకున్నవాళ్ల సంగతి."

తప్పు చేశానన్నా నమ్మరు. ఇంతకాలం తల ఊపినందుకు దక్కిన మర్యాద ఇది.

"గురమ్మ వేళ్లు చూశారాండి?" అన్నాను.

నా చెయ్యి ఎత్తి వేళ్లు వంచి చూపించాను.

"చెంచా పట్టుకోలేదు. జాకెట్టు హుక్కు కూతురు పెడుతుంది. అలాంటి వేళ్లు సన్ననూలు ముడి వేస్తాయా? డాక్టరు గారూ, మీరు చెప్పండి."

డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు.

"దేవమ్మా, దారం తియ్యి."

ఆ పిల్ల తలెత్తలేదు.

"తియ్యమంటున్నాను."

కోటు జేబులోంచి షీటు తీసి బల్ల మీద పెట్టింది. దారం అలాగే ఉంది. నేను నా జేబులో నూలు కొస తీశాను. నాది ఎడమచేతి వాటం. ముడి పడే తీరు వేరు. బల్ల మీద అందరి ముందూ వేసి పక్కన పెట్టాను. సుహాసిని మేడమ్ కళ్లజోడు సర్దుకుని రెంటినీ దగ్గర పెట్టుకుని చూశారు.

"ఇది ఈయన ముడే" అన్నారు.

నరసింగరావు గారి మొహం మారింది. "అయితే రేపట్నుంచి నువ్వు కౌంటరు లోపలికి రానక్కర్లేదు."

"సరేనండి."

"ఈ పిల్లల అప్పజెప్పులు కూడా ఆపించేస్తాను. క్యూ రోడ్డెక్కుతోంది."

"అది ఆపడానికి వీల్లేదండి" అన్నాను.

ఆ గదిలో ఆయనకు వీల్లేదని చెప్పినవాడు లేడు. నాకే వింతగా వినిపించింది నా గొంతు. అయినా ఆపలేదు. "ఆ పిల్ల తిరిగి అడిగిందండి. నేను అడ్డం పడ్డాను. అడగనిస్తే గురమ్మ నోట పుళ్లు పడేవి కావు. క్యూ పెరిగితే పెరగనివ్వండి. ఎండకు తడికలు కట్టించండి. ఆ పిల్లను మాత్రం పంపడానికి లేదు."

సుహాసిని మేడమ్ అన్నారు, "దేవి ఉంటుంది సార్. రెసిడెన్సీ కూడా ఉంటుంది. దానికి నాది పూచీ." తర్వాత దేవి వైపు తిరిగారు. "కానీ నువ్వు దారం దాచావు. జాలితో దాచినా దాచినట్టే. రేపు ఇంకో కౌంటరులో ఇంకొకరు ఇదే ముడి వేస్తారు. కేసు మొత్తం రాసి, అందరి ముందూ నిలబడి చదవాలి."

దేవి ఏడ్చింది. నేను బయటికి వచ్చి పంపు దగ్గర మొహం కడుక్కున్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

రావద్దని కాగితం ఇంటికి పంపారు. జగ్గమ్మ దాన్ని పొయ్యిలో పెట్టబోతే లాక్కుని ఇందులో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 20, లక్ష్మివారం

జగ్గమ్మ వాలుగ చేప దవడ పళ్లను దువ్వెనగా పట్టి పత్తి దువ్వుతోంది. "ఇప్పుడు నలక ఒదిలేస్తే తరవాత దారం తెగుతాది" అంది. పత్తినే అందనుకుంటాను.

ఫిబ్రవరి 26, బుధవారం

దేవి ఇంటికి వచ్చింది. చేపలు తెచ్చింది, వాళ్లమ్మ పంపిందట. జగ్గమ్మ, ఆ పిల్ల పెరట్లో కూర్చుని చేపలు బాగుచేస్తూ ఒకరి గొంతు మీద ఒకరు మాట్లాడుకున్నారు. పక్కింటివాళ్లు తగువేమోనని తొంగి చూశారు.

వెళ్లేముందు కేసు కాగితాలు నాకిచ్చింది. తెలుగులో కూడా రాసింది, నా కోసం. చదివాను. నెమ్మదిగా చదివాను. "కౌంటరులో పనిచేసే ఒక సహాయకుడు" అని ఉంది.

"ఎవరీ సహాయకుడు?"

"పేర్లు రాయకూడదు తాతా. రూలు."

"రోగి పేరు రాయకూడదు. నాది రాయి."

"తాతా..."

"సూరయ్య దారం అని ఊళ్లన్నీ అన్నాయి. మంచికి నా పేరు పెట్టి చెడ్డకు సహాయకుడంటే కుదరదు. రాయి."

పెన్ను తీసి నా ముందే కొట్టేసి రాసింది. సుహాసిని మేడమ్ ఒప్పుకోకపోతే నన్ను అడగమన్నాను.

మార్చి 6, లక్ష్మివారం

నాకూ బీపీ మాత్ర ఉంది. ఇన్నేళ్లూ కౌంటరు లోపలే తీసుకుని జేబులో వేసుకునేవాణ్ణి. ఈరోజు క్యూలో నిలబడ్డాను. కౌంటరు లోపలికి రావద్దన్నారు. క్యూలో నిలబడవద్దని కాగితంలో లేదు. రెండుసార్లు చదివాను.

కిటికీ బయటి నుంచి చూడటం ఇదే మొదలు. లోపలి మనిషి ఎత్తుగా కనిపిస్తాడు. అరుగు మీద ఉండటం వల్ల. ఇన్నేళ్లూ నాకది తెలియదు.

నా వంతు వచ్చింది. దేవి నన్ను చూసి నవ్వు ఆపుకుని, అందరికీ చెప్పినట్టే చెప్పింది. పొద్దున్నే ఒకటి, టిఫిను తిన్నా తినకపోయినా, తల తిరిగితే మానెయ్యకుండా ఇక్కడికి రావాలి.

"ఇప్పుడు నువ్వు సెప్పు తాతా."

తల ఊపాను. అలవాటు.

"తలతో కాదు. నోటితో."

వెనక ముప్ఫైమంది ఉన్నారు. నరసింగరావు గారు వరండాలో నిలబడి చూస్తున్నారు. బల్ల మీద నిలబెట్టి ఏడో ఎక్కం అడిగినట్టే ఉంది. చెవులు వేడెక్కాయి. చెప్పాను. మొదటి ముక్క పెదాల్లోనే పోయింది. "గట్టిగా" అంది ఆ చేపలమ్మే ఇంటి పిల్ల. గట్టిగా చెప్పాను. గేటు దాకా వినిపించి ఉండాలి.

మందు తీసుకున్నాక ఇంటికి పోలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాను. కౌంటరు నుంచి వచ్చిన వాళ్లు అలవాటు కొద్దీ నా దగ్గరికొచ్చి షీటు చాపారు, ముడి వెయ్యమని. చేతులు కట్టుకున్నాను. "నేను వెయ్యను. ఎప్పుడేసుకోవాలో నువ్వు చెప్పు" అన్నాను. చెప్పినవాళ్లను పోనిచ్చాను. నీళ్లు నమిలినవాళ్లను మళ్లీ కిటికీకి తోలాను. పదకొండు గంటలకల్లా నలుగురిని తోలాను.

పృథ్వీరాజ్ కిటికీలోంచి అరిచాడు, "తాతా, ఇంక సాలు, మా సేతులు పడిపోతన్నాయి."

"పడనీ."

నరసింగరావు గారు వచ్చి బెంచీ ముందు నిలబడ్డారు. "నిన్ను రావద్దన్నాను గదా."

"లోపలికి రాలేదండి. మందుకొచ్చాను."

"తీసుకున్నావు గదా."

"వచ్చే లక్ష్మివారం కూడా వస్తానండి."

ఆయన గడియారం చూసుకుని పోయారు.

మధ్యాహ్నం గురమ్మ వచ్చింది, కూతురు చేయి పట్టుకుని. నోరు మానింది. రక్తం బాగానే ఉందని డాక్టరు గారు మళ్లీ ఆ మాత్రే రాశారు. ఈసారి షీటు కాదు, ఒక్కటంటే ఒక్క మాత్ర. వారం వారం వచ్చి తీసుకోవాలి. కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టి అలవాటుగా నా జేబు వైపు చూసింది.

జేబు తిరగేసి చూపించాను. ఖాళీ.

"ఎప్పుడు?" అన్నాను.

"లచ్చివారం."

"మిగతా దినాలు?"

"సచ్చినా ముట్టను."

"మళ్లీ చెప్పు."

"ఓలమ్మ, సెప్పేను గదా. సెవుడేటి నీకు?" అంది గురమ్మ. బస్సు కోసం వెళ్తున్న వాళ్లంతా వెనక్కి తిరిగేటంత గట్టిగా మళ్లీ చెప్పింది.